నీళ్లకు కోపం రాకుండ

పరకాల బస్సుల పద్దెనిమిదేండ్లు నిలబడ్డదాన్ని.
నడుముకు సంచి, చేతిల టిక్కెట్ల మిషను.
ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీకి
ఊర్లే నడిచినయి, నేను నడువలే.

డాక్టరమ్మ షుగరు కాగితం మీద గీత గీసి
"నడువు" అన్నది.
మా అలేఖ్య ఫోన్ల చూసి
"నడుసుడెందుకమ్మా, ఈదు, తొక్కు, ఉరుకు,
ధర్మసాగర్ల పోటీ ఉన్నది, మూడూ ఒక్కపూటనే" అన్నది.
నవ్వుకుంటనే పేరు రాసింది.
నవ్వుకుంటనే ఐదువందలు కట్టింది.

ఈత రాదు నాకు.
బావి అంటే బిందె ముంచేదనే ఎరుక.
ఒకరి ముఖం ఒకరం చూసుకుంటుంటే
మక్కకంకులు వలుస్తున్న మా అత్త కొమురమ్మ
తలెత్తకుండ అన్నది: "నేను నేర్పుత."

అరవై తొమ్మిదేండ్ల మనిషి.
ఇరవై రెండేండ్లు ఒక్క పొయ్యి కాడ కూసున్నం,
ఆమెకు ఈతొస్తదని నాకు తెల్వది.
కన్న కొడుక్కూ తెల్వది.

ఆదివారాలు ఐనవోలు అవతల
ఆమె తమ్ముని వ్యవసాయ బావి.
ఖాళీ నూనెడబ్బా నా ఈపుకు కట్టి
మెట్టు మీద కూసోని చెప్పేది:
"కొట్టకు. కొడితే నీళ్లకు కోపమొస్తది.
పిల్లకు పాపిట తీసినట్టు
రెండు దిక్కులకు మెల్లగ తియ్యి."
మూడో వారం డబ్బా ఇప్పింది, చెప్పకుండ.
మునిగిన. తాగిన. తిట్టిన
అత్తను, మొదటిసారి, పెద్దగొంతుతోని.
ఆమె నవ్వింది.
బావి కూడ నవ్వింది, గుండ్రంగ.

సైకిలు అలేఖ్యదే, ముందర బుట్ట ఉన్నది.
మా ఆయన కొత్తవాడల జంపఖానాలు నేస్తడు,
గుంటల కాళ్లు పెడితే పొద్దంత తొక్కుడే.
"కాలు కిందికి పోయేటప్పుడు కాదు
మీదికి లేసేటప్పుడు సూసుకో" అనుకుంట
కాజీపేట బ్రిడ్జి దాంక పాత స్కూటరు మీద పక్కపొంటి వచ్చేటోడు.
ఉరుకుడు ఎవ్వరూ నేర్పలే.
నాలుగున్నరకు డిపోకు పోయే తొవ్వలనే ఉరికిన.
కుక్కలు రెండు రోజులు మొరిగి
మూడోనాడు వెంట వచ్చినయి.
ఇంట్ల వంట ఎవరు చేస్తున్నరో అడగలే.
పప్పుల ఉప్పు ఎక్కువైతే తెలిసేది, ఇయ్యాల ఆయన అని.

పోటీ నాడు అందరికీ బిగుతు బట్టలు, ఈత కండ్లద్దాలు.
నాకు అలేఖ్య కాలేజి టీషర్టు,
నెత్తికి ఎర్రటోపీ, జబ్బ మీద నూటపదిహేడు.
విజిలేసినరు.
మోచేతులు, మోకాళ్లు, ఎవరిదో మడిమె నా దవడకు.
నీళ్లకు నిజంగనే కోపమొచ్చింది అనుకున్న.
ఎల్లెలుకల తిరిగి మొగులు చూసిన.
పాపిట యాదికొచ్చింది.

ఒడ్డుకొచ్చేసరికి నా వెనుక నాలుగు టోపీలే.
తువ్వాల పట్టుకొని అత్త,
సైకిలు పట్టుకొని ఆయన.
తీసెయ్యమన్న బుట్ట తియ్యలే,
దాంట్ల పల్లీపట్టి, నిమ్మకాయ నీళ్లు.

పత్తి చేన్లు. ఎదురుగాలి.
పదహారో కిలోమీటరు కాడ చైను పడ్డది.
నూనె చేతులతోని ఎక్కిచ్చి
ఆ చేతులతోనే ముఖం తుడుసుకున్న.
దిగి ఉరుకుతుంటే కాళ్లు నావి కావు, ఎవలివో అడుక్కొచ్చినట్టు.
ఒక పిలగాడు తొవ్వ పక్కన కక్కుకుంటుండు,
ఆగి నీళ్లిచ్చిన. బస్సుల ఎన్నిసార్లు ఇయ్యలే.
ఆఖరి మలుపు కాడ అలేఖ్య
గొంతు పోయేటట్టు ఒర్రుతున్నది:
"రైట్ రైట్! పోనియ్, పోనియ్!"

రెండు గంటల ఇరవై ఆరు నిమిషాలు.
మెడల ఏదో ఏసినరు, ఫోటో తీసినరు.
ఏడుపొస్తదేమో అనుకున్న, రాలే.
ఆకలైంది.

చెట్టు కింద పులిహోర గిన్నె తెరిచినం.
"తల ఎక్కువ లేపినవ్," అన్నది అత్త,
"సగం బలం ఆడనే పోయింది."
చెయ్యి కడుక్కొస్త అని లేచింది.

మేం రెండో ముద్ద నోట్ల పెట్టేసరికి
చీర గోచి దోపి, మోకాళ్ల దాంక, నడుము దాంక...
ఆయన లేచి నిలబడ్డడు, పిలువలే.
కట్ట మీద గార్డు విజిల్ ఊదుతనే ఉన్నడు,
తెల్లకొప్పు ఒక్కటి
అల లేపకుండ
లోపటికి పోతున్నది.